పుస్తకాలు పంచారు, చదువు పెరగలేదు

(ఉపాధ్యాయ శిక్షణ విద్యార్థులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఆఫ్రికాలో చదువుల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, ముందుగా ఒక మాట చెప్పి ఒప్పుకున్నాను. ఆఫ్రికా ఒక దేశం కాదు. 54 దేశాలు, రెండు వేలకు దగ్గరగా భాషలు. ట్యునీసియా బడికీ మలావీ బడికీ పోలికే లేదు. అందుకని ఖండమంతటికీ వర్తించే మాటలు నా దగ్గర లేవు. సహారా ఎడారికి దిగువన, నాకు కాస్త లోతుగా తెలిసిన కొన్ని చోట్ల జరిగిన పరిశోధనల గురించి మాత్రం చెబుతాను. నన్ను చాలా ఏళ్లుగా వదలని ప్రశ్న ఒకటుంది. ఆ పిల్లల చదువు మీద ఇంత పరిశోధన జరిగింది కదా, అది ఆ బడి గుమ్మం దాకా ఎందుకు చేరలేదు?

కెన్యా పడమటి అంచున, ఉగాండా సరిహద్దును ఆనుకుని బుసియా అనే ప్రాంతం ఉంది. 1990ల మధ్యలో అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో పాఠ్యపుస్తకాలకు పెద్ద కరవు. ఒక్కో పుస్తకం మీదికి చాలామంది పిల్లలు వంగి చదువుకునేవారు. పుస్తకాలు లేకపోతే చదువెలా వస్తుంది? మనలో ఎవరినడిగినా ముందు పుస్తకాలు ఇవ్వండనే అంటాం. ఒక స్వచ్ఛంద సంస్థ అదే చేసింది. అయితే అందరికీ ఒకేసారి ఇచ్చేంత డబ్బు లేదు కాబట్టి, ఏ బడికి ముందు, ఏ బడికి తరువాత అన్నది చీటీలు తీసినట్టుగా నిర్ణయించారు. పాల్ గ్లెవీ, మైకేల్ క్రేమర్, సిల్వీ మూలిన్ అనే ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు ఈ రెండు రకాల బడుల పిల్లలకు పరీక్షలు పెట్టి పోల్చి చూశారు.

సగటు మార్కులు పెరగలేదు.

మొదటిసారి ఆ పత్రం చదివినప్పుడు నేను నమ్మలేదు. ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందనుకున్నాను. తరువాతి పేజీల్లో అసలు సంగతి ఉంది. పుస్తకాల వల్ల అందరికీ మేలు జరగలేదు కానీ, అప్పటికే తరగతిలో ముందున్న పిల్లలకు మేలు జరిగింది. ఎందుకంటే ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. బుసియా పిల్లవాడు ఇంట్లో లుహ్యానో తేసోనో మాట్లాడతాడు. సంతకు, బజారుకు వెళితే స్వాహిలీ వింటాడు. ఇంగ్లీషు అతనికి మూడో భాష. ఆ పాఠ్యప్రణాళిక నైరోబీ నగరంలో చదువుకున్న కుటుంబాల పిల్లలకు అతికినట్టు సరిపోతుంది. బుసియా పిల్లవాడి చేతికి పుస్తకం వచ్చింది, అందులోని వాక్యం మాత్రం రాలేదు.

పుస్తకాలు దండగ అని ఈ పరిశోధన చెప్పలేదు. అలా రాసినవాళ్లూ ఉన్నారు, దాని వల్ల హాని కూడా జరిగింది. పిల్లవాడు చదవగలిగే పుస్తకం ఇవ్వమనే ఆ లెక్కలు చెబుతున్నాయి.

శిక్షణలో ఉన్న మీ అందరి కోసం అదే ప్రాంతంలో జరిగిన మరో అధ్యయనం చెబుతాను. దీన్ని నేను ప్రతి ఏడాదీ తరగతిలో చెప్పేవాణ్ణి. సైన్సు, లెక్కలు, ఆరోగ్యం వంటి పాఠాల కోసం బొమ్మల చార్టులు కొన్ని బడుల్లో ఉన్నాయి, కొన్నింటిలో లేవు. ఉన్న బడులనూ లేని బడులనూ మామూలుగా పోల్చితే, చార్టులున్నచోట మార్కులు బాగా ఎక్కువగా కనిపించాయి. ఇంకేం, అన్ని బడులకూ చార్టులు కొనిపెట్టవచ్చు అనిపిస్తుంది. కానీ చార్టులు సంపాదించుకోగలిగిన బడి ముందునుంచే కొంత మెరుగైన బడి. అక్కడి ప్రధానోపాధ్యాయుడు చురుకైనవాడు కావచ్చు, తల్లిదండ్రులు కాస్త కలిగినవాళ్లు కావచ్చు. చీటీలు తీసినట్టుగా కొన్ని బడులకు చార్టులు ఇచ్చి మళ్లీ కొలిస్తే, తేడా దాదాపు మాయమైంది. ఒకే వస్తువు, ఒకే ప్రాంతం, కొలిచే పద్ధతి మారేసరికి జవాబే మారిపోయింది. ఏదైనా పథకం గొప్పగా పనిచేసిందని మీకు ఎవరైనా చెప్పినప్పుడు, దేనితో పోల్చి చెబుతున్నారని అడగండి.

బుసియాలోనే నులిపురుగుల మందు అధ్యయనం కూడా జరిగింది. 75 బడులు, ముప్పై వేలకు పైగా పిల్లలు. ఎడ్వర్డ్ మిగెల్, క్రేమర్ 2004లో ఫలితాలు ప్రచురించారు. మందు ఇచ్చిన బడుల్లో గైర్హాజరు నాలుగో వంతు తగ్గింది. మందు మింగని పక్క పిల్లలకు కూడా మేలు జరిగింది, ఎందుకంటే ఆ పురుగులు ఒకరి నుంచి ఒకరికి మట్టిలోంచి, నీళ్లలోంచి సోకేవి. పరీక్ష మార్కులు మాత్రం పెరగలేదు. 2015లో మరో పరిశోధక బృందం ఆ లెక్కలన్నీ తిరిగి కట్టి కొన్ని తప్పులు చూపించింది, పెద్ద వాదం నడిచింది. అలా వాదం నడవడం ఆరోగ్యకరమే. మన దగ్గర 2015 నుంచి ఫిబ్రవరి 10న బడుల్లో పిల్లలచేత ఆల్బెండజోల్ మాత్ర చప్పరింపజేస్తున్నాం కదా. ఆ ఆలోచనకు బలం ఇచ్చిన ఆధారాల్లో బుసియా పిల్లల హాజరు పట్టీలూ ఉన్నాయి. మీరు ఆ మాత్ర పంచేటప్పుడు ఆ సంగతి గుర్తు చేసుకోండి.

ఈ తరహా పనికి 2019లో క్రేమర్‌కూ, అభిజిత్ బెనర్జీకీ, ఎస్తర్ డఫ్లోకూ నోబెల్ బహుమతి వచ్చింది. అది న్యాయమే. నేను ఆ పరిశోధనల నుంచి చాలా నేర్చుకున్నాను. అయినా ఒక బాధ ఉంది. పిల్లలు కెన్యావాళ్లు, పరీక్షలు దిద్దినవాళ్లు కెన్యావాళ్లు, ఇంటింటికీ నడిచినవాళ్లు కెన్యావాళ్లు. ఏమి అడగాలో నిర్ణయించినవాళ్లు మాత్రం ఎక్కువగా అమెరికా విశ్వవిద్యాలయాలవాళ్లు. పిల్లవాడికి అర్థం కాని భాషలో పుస్తకం ఇస్తే ఉపయోగం లేదన్న సంగతి తెలుసుకోవడానికి అంతదూరం నుంచి వచ్చి కొలవాల్సి వచ్చిందా? ఆ సంగతి ఆఫ్రికాలోనే అంతకు పాతికేళ్ల ముందు ఒకాయన పరిశోధించి తేల్చారు. ఆయన గురించి కొంచెం నిదానంగా చెబుతాను.

ఆయన పేరు అలియు బాబాతుండే ఫఫున్వా. నైజీరియాలో విద్యాశాస్త్రంలో తొలి ఆచార్యుడు. ఇఫే విశ్వవిద్యాలయంలో పనిచేసేవారు. ఇప్పుడు దాన్ని ఒబాఫెమి అవోలోవో విశ్వవిద్యాలయం అంటారు. నైజీరియా నైరుతి భాగం యోరుబా భాష మాట్లాడే ప్రాంతం. అక్కడి బడుల్లో మొదటి మూడేళ్లు యోరుబాలో చెప్పి, నాలుగో తరగతి నుంచి అన్నీ ఇంగ్లీషులో చెప్పేవారు. నాలుగో తరగతికి వచ్చేసరికి పిల్లలు నోరు మూసుకునేవారు. సగంలోనే బడి మానేసేవారు. ఫఫున్వా, ఆయన సహచరులు 1970లో ఇలే-ఇఫేలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఒక వర్గం పిల్లలకు ఆరేళ్లూ, అన్ని పాఠాలూ యోరుబాలోనే. ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా మాత్రమే, కానీ దాన్ని బాగా నేర్పగల ప్రత్యేక ఉపాధ్యాయుడితో. మరో వర్గానికి పాత పద్ధతే.

ఈ పని ఎంత కష్టమో ఉపాధ్యాయులుగా మీరు ఊహించగలరు. సైన్సుకు యోరుబాలో పుస్తకాలు లేవు, రాయాలి. లెక్కలకు పరిభాష లేదు, కూర్చాలి. అసలు యోరుబా సంఖ్యల పద్ధతే వేరు. ఇరవైల మీద నడుస్తుంది, తీసివేతతో నడుస్తుంది. యాభై అంటే మూడు ఇరవైలకు పది తక్కువ. నలభై అయిదు అంటే ఆ యాభైకి అయిదు తక్కువ. ఒక్క అంకె పలకడంలోనే పిల్లవాడు ఒక గుణకారం, రెండు తీసివేతలు దాటుతాడు. ఇంత లెక్క ఇమిడి ఉన్న భాషను బడి గుమ్మం బయటే వదిలి రమ్మన్నారన్నమాట. ఫఫున్వా బృందం ఆ భాషను లోపలికి పిలిచింది. పుస్తకాలు రాశారు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, పిల్లలు పై చదువులకు వెళ్లాక కూడా వాళ్ల ప్రగతిని గమనించారు.

ఆరేళ్లూ యోరుబాలో చదివిన పిల్లలు లెక్కల్లో, సైన్సులో, సాంఘికశాస్త్రంలో ముందున్నారు. ఇంగ్లీషులో కూడా వెనకబడలేదు. దాన్ని గురించే అందరూ భయపడ్డారు. అమ్మ భాషలో గట్టిపడిన పిల్లవాడు పరాయి భాషను కూడా గట్టిగానే పట్టుకున్నాడు.

ఆ ప్రయోగానికి డబ్బు ఇచ్చింది అమెరికాకు చెందిన ఫోర్డ్ ఫౌండేషన్. ఆ సంగతి దాచను, ఎందుకంటే బయటి డబ్బు ముట్టుకుంటేనే పరిశోధన చెడిపోతుందని నేను అనడం లేదు. అక్కడ ప్రశ్న ఇఫేది. పిల్లలను చూసి, ఉపాధ్యాయులతో మాట్లాడి, ఆ ఊరివాళ్లు పుట్టించుకున్న ప్రశ్న అది. డబ్బు దాని వెనక నడిచింది.

తరువాత ఏమైంది? నైజీరియా 1977 విద్యా విధానం మొదటి తరగతుల్లో మాతృభాష ఉండాలని చెప్పింది. అమలు మాత్రం చాలాచోట్ల జరగలేదు. ఫఫున్వా స్వయంగా 1990 నుంచి 1992 దాకా విద్యామంత్రిగా ఉండి కూడా పెద్దగా కదిలించలేకపోయారు. 2022లో నైజీరియా ప్రభుత్వం ప్రాథమిక విద్య ఆరేళ్లూ మాతృభాషలోనే ఉండాలన్న జాతీయ విధానాన్ని ఆమోదించింది. అంటే ఇఫే మాటకు యాభై ఏళ్ల తరువాత చట్రం దొరికిందనుకున్నాం. మూడేళ్లు నిండకుండానే, 2025 నవంబరులో దాన్ని రద్దు చేసి, బోధన మళ్లీ ఇంగ్లీషులోనే అని ప్రకటించారు. మీడియం గురించిన చర్చ మనకు కొత్త కాదు. ఈ గదిలో రెండు అభిప్రాయాలూ ఉంటాయని నాకు తెలుసు. తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరుకోవడం వెనక ఉన్న ఆశను నేను చిన్నచూపు చూడను. కూలి పని చేసే తల్లికి ఉద్యోగం ఏ భాషలో వస్తుందో బాగా తెలుసు. అయితే ఇఫే పిల్లలు ఇంగ్లీషు కూడా నేర్చుకున్నారు. ఆ తల్లికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు అంటే, చెప్పవలసిన విశ్వవిద్యాలయం అప్పటికి కూలిపోతోంది.

1980ల్లో ఆఫ్రికా దేశాలు అప్పుల్లో మునిగాయి. అప్పు ఇచ్చిన సంస్థలు ఖర్చు తగ్గించమన్నాయి. నైజీరియా 1986లో అలాంటి షరతులతో నడిచే ‘నిర్మాణాత్మక సర్దుబాటు కార్యక్రమం’లోకి వెళ్లింది. అదే కాలంలో ప్రపంచ బ్యాంకు ఆర్థికశాస్త్రజ్ఞులు ఒక లెక్క తెచ్చారు: ప్రాథమిక విద్య మీద పెట్టే రూపాయికి సమాజానికి వచ్చే లాభం ఎక్కువ, విశ్వవిద్యాలయం మీద పెట్టే రూపాయికి తక్కువ. ఆ లెక్కతో ఉన్నత విద్యకు నిధులు కోశారు. గ్రంథాలయాలకు పత్రికలు రావడం ఆగిపోయింది. ఆచార్యుల జీతం ఇల్లు గడవడానికి చాలని స్థితి వచ్చింది. వెళ్లగలిగినవాళ్లు విదేశాలకు వెళ్లారు, ఉన్నవాళ్లు విదేశీ సంస్థలకు నివేదికలు రాసి బతికారు. ప్రాథమిక బడికి ఉపాధ్యాయుడిని తయారుచేసేది, పాఠ్యపుస్తకం రాసేది, పిల్లవాడి కష్టాన్ని ప్రశ్నగా మార్చేది విశ్వవిద్యాలయమే అన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు. 2000 నాటికి ప్రపంచ బ్యాంకు భాగస్వామ్యంతో వచ్చిన నివేదికే ఉన్నత విద్యను నిర్లక్ష్యం చేయడం పొరపాటని ఒప్పుకుంది. అప్పటికే ఒక తరం పోయింది. ఉగాండాలోని మకరెరె విశ్వవిద్యాలయంలో పనిచేసిన మహమూద్ మమ్దానీ దీన్ని కన్సల్టెన్సీ సంస్కృతి అన్నారు. పరిశోధకుడి పని ప్రశ్న వేయడం, కన్సల్టెంట్ పని మరొకరు వేసిన ప్రశ్నకు జవాబు రాయడం అన్నది ఆయన వాదన సారం.

నేను దాన్ని కళ్లారా చూశాను. కొన్నేళ్లు ఇథియోపియాలో ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాను. మన రాష్ట్రాల నుంచి అలా వెళ్లిన అధ్యాపకులు చాలామంది, అక్కడి నుంచి విశాఖకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసినవాళ్లూ చాలామంది. నా విద్యార్థి ఒకడు, దక్షిణాన ఒక పల్లె నుంచి వచ్చినవాడు, ఒకరోజు నా గదికి వచ్చి ఇలా అన్నాడు: ‘మా ఊరి బడిలో సంతరోజున ఆడపిల్లలు రారు. నా చిన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నేను దీని మీద పనిచేస్తాను.’ ఎంత మంచి ప్రశ్న! సంతరోజు అమ్మ సరుకు మోసుకుని వెళితే ఇంట్లో చిన్నపిల్లలను ఎవరు చూడాలి? నీళ్లు ఎవరు తేవాలి? ఒక్క రోజు మానితే మరునాడు పాఠం అందదు, వారానికి ఒకటి చొప్పున ఏడాదికి ఎన్ని రోజులు! అతను ఆ అంశం మీద ఒక్క పేజీ కూడా రాయలేకపోయాడు. ఆ ఏడాది నిధులు వేరే అంశానికి వచ్చాయి. ఊళ్లు తిరగడానికి బస్సు ఖర్చు కూడా ఆ నిధుల నుంచే రావాలి. అతను వాళ్ల ప్రశ్నావళి పట్టుకుని, తనకు తెలియని జిల్లాలో, తనకు రాని భాషలో దుబాసీని పెట్టుకుని వివరాలు సేకరించాడు. పట్టా వచ్చింది. అతని ప్రశ్న అతని దగ్గరే ఉండిపోయింది.

ఆఫ్రికా దేశాలు స్థూల దేశీయోత్పత్తిలో 1 శాతం పరిశోధనకు కేటాయించాలని 1980లో లాగోస్‌లో చేసుకున్న కార్యాచరణ ప్రణాళికలోనే రాసుకున్నాయి. నలభై అయిదేళ్లు గడిచినా అత్యధిక దేశాలు ఆ దరిదాపులకు రాలేదు. ఆ 1 శాతం ఉండి ఉంటే నా విద్యార్థికి బస్సు టికెట్టు దొరికేది.

ఇక బడుల సంగతి. 1994లో మలావీ ప్రాథమిక విద్యకు ఫీజులు ఎత్తేసింది. ఒక్క ఏడాదిలో బడిపిల్లలు దాదాపు 19 లక్షల నుంచి 30 లక్షల దాకా పెరిగారు. ఉగాండా 1997లో, కెన్యా 2003లో అదే దారి పట్టాయి. కెన్యాలో 2004లో కిమానీ మరూగే అనే ఎనభై నాలుగేళ్ల తాత, ఫీజు లేదు కదా అని ఒకటో తరగతిలో చేరి చిన్నపిల్లల పక్కన కూర్చున్నాడు. బైబిలు తానే చదువుకోవాలన్నది ఆయన కోరిక. ఆ దృశ్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. కానీ మలావీలో ఆ పదకొండు లక్షల కొత్త పిల్లలకు గదులు లేవు, బల్లలు లేవు, చెట్ల కింద తరగతులు నడిచాయి. శిక్షణ లేని ఇరవై వేలమందిని హడావుడిగా ఉపాధ్యాయులుగా తీసుకున్నారు. ఒకటో తరగతిలో వందమందికి పైగా పిల్లలు ఉండడం మామూలైపోయింది. తలుపులు తెరవడం తప్పని నేను ఎన్నటికీ అనను. లోపలికి వచ్చినవాళ్లకు ఏమి అందుతోందో కొలిచేవాళ్లు చాలాకాలం లేకపోయారు. లెక్కంతా చేరినవాళ్ల సంఖ్యతోనే సరిపోయింది.

ఆ కొలత భారతదేశం నుంచి వెళ్లిందంటే మీకు సంతోషం కలుగుతుంది. ప్రథమ్ సంస్థ 2005 నుంచి మన పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, పిల్లల ముందు ఒక చిన్న కథ పెట్టి చదవమని అడిగే అసర్ సర్వే చేస్తోంది. దాన్ని చూసి 2009లో కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో ఉవెజో అనే సర్వే మొదలైంది. స్వాహిలీలో ఆ మాటకు సామర్థ్యం అని అర్థం. ఆ ఊరి యువకులే తమ ఊరి పిల్లలను పరీక్షించారు. బడికి వెళ్లే మూడో తరగతి పిల్లల్లో ఎక్కువమంది రెండో తరగతి కథ చదవలేకపోయారు. మంత్రులు కోప్పడ్డారు. తల్లిదండ్రులకు మాత్రం మొదటిసారి ఒక సంగతి అర్థమైంది: బడికి పంపడం, చదువు రావడం ఒకటి కాదు. సహారా దిగువ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది మామూలు వాక్యాలు చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని 2022లో ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. ఆ పెద్ద అంకెకు ముందే ఉవెజో పిల్లలు గుమ్మంలో కూర్చుని చదివి చూపించారు.

మనతో ఇంకో బంధం ఉంది. దాని గురించి మన ఉపాధ్యాయుల్లోనే చాలామందికి తెలియదు. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పెద్ద అధ్యయనం చేశారు. కొన్ని బడులకు అదనపు ఉపాధ్యాయుడు, కొన్నింటికి పిల్లల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు ప్రోత్సాహకం, కొన్నింటికి నోటు పుస్తకాలూ సామగ్రీ కొనడానికి గ్రాంటు. ఆ గ్రాంటు కథను జాంబియా బడుల లెక్కలతో కలిపి 2013లో ఒక పత్రం వచ్చింది. రెండు ఖండాలు, ఒకే ఫలితం. గ్రాంటు అనుకోకుండా వచ్చిన ఏడాది పిల్లల చదువు పెరిగింది. వస్తుందని ముందే తెలిసిన ఏడాది పెరగలేదు. ఎందుకంటే తల్లిదండ్రులు ఆ మేరకు తమ ఖర్చు తగ్గించుకున్నారు. నోటు పుస్తకాలు బడే ఇస్తుందని తెలిశాక, ఆ డబ్బు ఇంట్లో మరో అవసరానికి వెళ్లింది. దీన్ని తప్పు అనగలమా? పేద ఇంట్లో ప్రతి రూపాయికీ నాలుగు చేతులు చాచి ఉంటాయి. జాంబియా తల్లి కూడా మన తల్లిలాగే లెక్క వేసుకుంది. ఆ ఇంటికి అందిన మేలు నిజమైనదే, పరీక్ష మార్కుల్లో కనిపించలేదు, అంతే.

టాంజానియాలో 350 బడుల్లో జరిగిన మరో అధ్యయనం, 2019లో ప్రచురించినది, ఇంకో అడుగు ముందుకు వేసింది. బడికి డబ్బు మాత్రమే ఇస్తే మార్కులు పెరగలేదు. ఉపాధ్యాయులకు ప్రోత్సాహకం మాత్రమే ఇస్తే పెద్దగా తేడా కనిపించలేదు. రెండూ కలిపి ఇచ్చినచోట స్పష్టంగా పెరిగాయి. సుద్దముక్క లేని ఉపాధ్యాయుడి పట్టుదల, పట్టుదల లేనిచోట సుద్దముక్క, రెండూ వృథాయే.

డబ్బు బయలుదేరినచోటు నుంచి బడికి చేరడం మరో కథ. ఉగాండాలో 1991 నుంచి 1995 వరకు ప్రభుత్వం బడులకు పంపిన నిధుల్లో సగటున 13 శాతమే బడులకు చేరింది. అంటే రూపాయికి 13 పైసలు. ఆ సంగతి సర్వేలో బయటపడ్డాక, ఏ నెల ఏ జిల్లాకు ఎంత పంపిందీ పత్రికల్లో ప్రకటించడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకు 80 శాతం పైగా చేరసాగింది. అదంతా పత్రికల వల్లే జరిగిందా అన్న వాదం ఉంది. ఏమైనా, కొలవడం మొదలయ్యాకే మార్పు వచ్చింది.

కెన్యా కాంట్రాక్టు ఉపాధ్యాయుల కథ మన విద్యా వాలంటీర్లకు బాగా అర్థమవుతుంది. పడమటి కెన్యాలో ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా కాంట్రాక్టు ఉపాధ్యాయులను పెట్టినప్పుడు పిల్లల చదువు మెరుగుపడింది. ప్రభుత్వం దాన్ని దేశమంతటా విస్తరించాలనుకుంది. టెస్సా బోల్డ్, జర్మనో మ్వాబు తదితర పరిశోధకులు 192 బడుల్లో దాన్ని జాగ్రత్తగా గమనించారు. స్వచ్ఛంద సంస్థ నడిపినచోట ఫలితం వచ్చింది. ప్రభుత్వం నడిపినచోట ఏ ఫలితమూ రాలేదు. జీతాలు ఆలస్యమయ్యాయి, పర్యవేక్షణ బలహీనపడింది. ఉపాధ్యాయ సంఘం ఎదురు తిరిగింది, సమ్మె జరిగింది. దీన్ని చూసి ప్రభుత్వం చేతకానిదని తేల్చేవాళ్లతో నేను ఏకీభవించను. తక్కువ జీతానికి, భద్రత లేకుండా పనిచేయమంటే ఉపాధ్యాయుడు ఎదురు తిరగడం సహజం. చిన్న ప్రయోగంలో ఆ కోపం కనిపించదు. దేశమంతటా పెట్టినప్పుడు కనిపిస్తుంది. చివరికి బడులను నడపవలసింది ప్రభుత్వాలే కాబట్టి, పరిశోధన ప్రభుత్వం లోపలే పుట్టాలి.

అలా పుట్టిన చోటు ఒకటుంది, దక్షిణాఫ్రికా. 1976 జూన్ 16న జొహానెస్‌బర్గ్ పక్కనున్న నల్లవాళ్ల బస్తీ సొవెటోలో పిల్లలు బడి వదిలి వీధుల్లోకి వచ్చారు. తెల్ల పాలకుల భాష అయిన ఆఫ్రికాన్స్‌లో చదవమని ప్రభుత్వం బలవంతం చేసినందుకు ఆ ఊరేగింపు. పోలీసులు కాల్చారు. పాఠం ఏ భాషలో చెప్పాలన్న ప్రశ్న మీద పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న దేశం అది. ఇప్పుడు అక్కడ నాలుగో తరగతి పిల్లల్లో 81 శాతం మంది ఏ భాషలోనూ అర్థం చేసుకుంటూ చదవలేకపోతున్నారని 2021 నాటి అంతర్జాతీయ పఠన పరీక్ష చెప్పింది. ఆ లోపాన్ని వెతకడానికి అక్కడి విద్యాశాఖే ముందుకు వచ్చింది. 2015లో వాయవ్య రాష్ట్రంలో 230 బడుల్లో అక్కడి పిల్లల ఇంటిభాష సెత్స్వానాలో చదవడం నేర్పడం మీద అధ్యయనం మొదలుపెట్టింది. ఉపాధ్యాయులను ఒకచోట చేర్చి శిక్షణ ఇవ్వడం ఒక పద్ధతి. అనుభవం ఉన్న మార్గదర్శి నెలనెలా తరగతికి వచ్చి, ఉపాధ్యాయుడి పక్కన నిలబడి సాయం చేయడం ఇంకో పద్ధతి. పక్కన నిలబడినదే ఎక్కువ ఫలితం ఇచ్చింది. శిక్షణ తరగతుల్లో మధ్యాహ్నం దాకా ఉపన్యాసం విని ఇంటికి వెళ్లిన మనందరికీ అది ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

కెన్యాలో కూడా 2015లో తుసొమె అనే కార్యక్రమం వచ్చింది. స్వాహిలీలో ‘మనం చదువుదాం’ అని ఆ మాటకు అర్థం. ప్రతి పిల్లవాడికీ ఒక పుస్తకం, ఉపాధ్యాయుడికి పాఠం నడిపే క్రమం, తరగతికి వచ్చే మార్గదర్శి. దాన్ని ప్రభుత్వమే దేశమంతటా నడిపింది, పిల్లల చదువు నిజంగా పెరిగింది. బుసియాలో పుస్తకాలు పంచిన రోజుల నుంచి నేర్చుకున్న పాఠం అందులో ఉంది. కానీ దాని వెనక డబ్బు అమెరికాది, బ్రిటన్‌ది. 2025లో అమెరికా తన సహాయ సంస్థ యుఎస్‌ఎయిడ్‌ను మూసేసింది. ఆఫ్రికా దేశాల్లో ఆ డబ్బుతో నడిచే పఠన కార్యక్రమాలు, వాటితో పాటు వాటిని కొలిచే సర్వేలు, వారాల వ్యవధిలో ఆగిపోయాయి. పుస్తకాలు ముద్రణలో ఉండగానే ఆగినవీ ఉన్నాయి. పిల్లల చదువు ఇంకో దేశపు బడ్జెట్‌లో ఒక పద్దుగా ఉంటే జరిగేది అదే. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, దాచుకోను.

ఇక మీ ప్రశ్నలకు వస్తాను. ఆ వెనక వరుసలో చేయి ఎత్తిన అమ్మాయి... అడగమ్మా.

(ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న: బడి ఉపాధ్యాయులం పరిశోధన ఎలా చేయగలం? మా దగ్గర డబ్బు లేదు, చదువులోనూ అంత పెద్దవాళ్లం కాదు.)

మంచి ప్రశ్నమ్మా. నా ఇథియోపియా విద్యార్థి గురించి చెప్పాను కదా. అతను ఇప్పుడు తన జిల్లాలోనే ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేస్తున్నాడు. ఎవరి నిధులూ రాలేదు. తన దగ్గర చదువుకునే శిక్షణార్థులు సెలవులకు ఊళ్లకు వెళ్లేటప్పుడు ఒక పని చెబుతాడు: మీ ఊరి బడి హాజరు పట్టీ చూసి రండి, సంత ఏ వారమో రాసుకురండి. పోయిన ఏడాది నాకు ఫోనులో ఒక ఫొటో పంపాడు. హాజరు పట్టీలో ఒక పేజీ. ఆడపిల్లల పేర్ల వరసలో గురువారాల గడుల మీద ఎర్ర సిరాతో గీతలు ఉన్నాయి. భూతద్దం పట్టుకుని కూర్చుని నేనూ లెక్కపెట్టాను. ఎన్ని వచ్చాయో మాత్రం ఇప్పుడు చెప్పను. ఆ లెక్క అతనిది, అతను రాయాలి. రాస్తున్నాడు.